ఊదుడాయన ఇచ్చిన తెల్ల కాగితం

సోమవారం పొద్దున ఫ్రిజ్ తలుపు తీసేసరికి సాసర్లోని నూనె కాగితం బొగ్గులా నల్లబడి ఉంది. కిందటి వారం కథను అక్కడ వదిలాం. అత్త కుర్చీలో కూలబడింది. భద్రత చూసే జాగ్రత్తగారు చేతిగడియారం చూసుకుని, "సాయంత్రం నాలుగింటికి ఈ గదికి సీలు వేస్తున్నాను" అని చెప్పి, వచ్చినంత మెల్లగానే వెళ్ళిపోయారు.

ఆ నలుపు ఏమిటో, దానికింత హడావుడి ఎందుకో ఇంకోసారి చెప్పుకోవడంలో తప్పులేదు.

ఆ గదిలో దాచేది ఆస్మియం. లోహంగా ఉన్నంతసేపూ దానంత బరువైనది, దానంత మొండిది ఇంకోటి లేదు. నీలి ఛాయతో మెరుస్తూ, పిలిచినా పలకని మనిషిలా గమ్మున కూర్చుంటుంది. నాలుగు ఆక్సిజన్లు వచ్చి చేరాయా, స్వభావమే మారిపోతుంది. లేతపసుపు పలుకులుగా తయారై, పొయ్యి మీద పెట్టే పని కూడా లేకుండా, గది వేడికే ఆవిరై లేస్తుంది. ఘాటుగా ముక్కును పొడిచే వాసన. ఆ వాసన తగిలిందంటే అప్పటికే ఆలస్యమైందన్న మాట. కంటికి తగిలితే కంటిపొర మీదే నల్లగా పేరుకుంటుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఇంత గడుసుదానికీ ఒక బలహీనత ఉంది. కొవ్వు కనబడితే చాలు, ముందుకు కదల్లేదు. తన ఆక్సిజన్‌లో కొంత అక్కడే వదిలేసి, నల్లగా మారి, అక్కడే కూర్చుండిపోతుంది.

ఆ బలహీనత మీదే అత్త పనిచేసే విభాగం నడుస్తోంది. ఆస్పత్రుల నుంచి ఆవగింజంత కణజాలం ముక్కలు వస్తాయి. ప్రతి కణం చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది కదా, ఆస్మియం ఆ పొరను పట్టుకుని, చెదిరిపోకముందే ఉన్నది ఉన్నట్టు నిలిపేస్తుంది. అప్పుడే పెద్ద సూక్ష్మదర్శినిలో రోగం రూపురేఖలు కనిపిస్తాయి. "పోయేదాన్ని పోనివ్వకుండా పట్టుకునే మందే ఇది" అని అత్త కొత్తవాళ్ళకు చెబుతూ ఉంటుంది.

ఆ బలహీనతే కాపలాకి కూడా పనికొచ్చింది. మొక్కజొన్న నూనెలో ముంచిన వడపోత కాగితం ఒకటి సాసర్లో వేసి, ఆస్మియం సీసా ఉండే ఫ్రిజ్‌లోనే పెడతారు. ప్రతి సోమవారం కొత్తది మారుస్తారు. కాగితం తెల్లగా ఉంటే సీసా బాగున్నట్టు. నల్లబడితే ఎక్కడో కారుతున్నట్టు. ఈ పద్ధతి పెట్టింది అత్తే. ముప్పై నాలుగేళ్ళలో ఆ కాగితం ఏనాడూ నల్లబడలేదు. ఇంకో ఎనిమిది నెలల్లో ఆమె రిటైరవుతుందనగా, ఇప్పుడు నల్లబడింది.

గదికి సీలు పడితే ఆస్మియం పనంతా నది అవతలి భవనానికి పోతుంది. అత్త ఈ రోజుతోనే ఇంటికి పోతుంది. అదీ మామూలుగా కాదు, చేతులు తడబడ్డ మనిషిగా.

*

"ఏం చేస్తున్నావత్తా?"

"కళ్ళు కనబడడం లేదా? సర్దుకుంటున్నా."

అడిగింది మేనకోడలు. వజ్రపు చాకుతో కణజాలాన్ని కంటికి ఆననంత పల్చగా కోస్తుంది కాబట్టి విభాగంలో అందరూ ఆమెను రేకు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. తన పదో ఏట నుంచీ రేకు ఈ అత్త చేతుల మీదే పెరిగింది. బడికి వెళ్ళినా, ఈ ఉద్యోగంలో చేరినా, ముందు నడిచింది అత్తే. అత్త లేని గదిలో తను ఒక్కర్తే కూర్చుని కోయడమన్న ఊహే రేకుకి మింగుడు పడలేదు.

"నాలుగింటి దాకా టైముంది కదా."

"నాలుగింటికి ఆయన తలుపు మీద లక్క కరిగిస్తుంటే పక్కన నిలబడి దీపం పట్టమంటావా ఏంటి?" అత్త పట్టకార్లను సైజుల వారీగా వరసపెట్టి గుడ్డలో చుడుతోంది. "నా గ్లాసు, నా శాలువా, నా పట్టకార్లు. ఈ స్టూలు నాది కాదు. మెత్త మాత్రం నాదే."

"మూత వదిలేసింది నువ్వే అని ఎవరన్నారు?"

"శుక్రవారం ఆఖరున సీసా తీసింది ఎవరు? నేను. మూత పెట్టింది ఎవరు? నేను." అత్త రెండు చేతులూ ముందుకు చాపింది. గోళ్ళ అంచుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న సన్నటి నల్ల గీతలు. "వీటిని ఇన్నేళ్ళూ అనుమానించే అవసరం రాలేదే. శుక్రవారం బిగించానా లేదా అని పొద్దుట్నించీ తలచుకుంటున్నా. గుర్తు రావట్లేదు. అదే భయంగా ఉంది. ఉద్యోగం సంగతి పక్కనపెట్టు. చేసిన పని చేతికి గుర్తులేకపోతే ఇంక మిగిలేదేముంది?"

"రోజూ చేసే పని ఎవరికి గుర్తుంటుంది? పొద్దున పళ్ళు తోముకున్నావా?"

"తోముకున్నా."

"తోముకున్నట్టు గుర్తుందా అని."

అత్త ఒక్క క్షణం ఆగి, నాలుకతో పళ్ళు తడుముకుంది. రేకుకి నవ్వు ఆగలేదు. అత్త మెత్త తీసి రేకు మీదికి విసిరింది.

ఆ మెత్తను ఒడిలో పెట్టుకునే రేకు ఒక నిర్ణయానికొచ్చింది. సీసాయే కారిందని అందరూ అనుకుంటున్నారు. సీసాను ఎవరైనా అడిగారా? దాన్ని అడగడానికి నూనె కాగితం కంటే మంచి నోరు ఏముంది?

*

వడపోత కాగితాన్ని వేలెడేసి ముక్కలుగా కత్తిరించి, నూనెలో ముంచి, ఎనిమిది ముక్కలు తయారుచేసింది. ముక్కుకీ నోటికీ ముసుగు, కళ్ళకి నాలుగు వైపులా మూసుకునే అద్దాలు, చేతులకి రెండు జతల గ్లవుజులు. గాలి లాగే ఫ్యాను పెద్ద చప్పుడుతో తిరగసాగింది. అత్త తలుపు అద్దంలోంచి చూస్తూ, సర్దుడు కూడా మరిచిపోయి, బయటి నుంచే అజమాయిషీ మొదలుపెట్టింది.

"అద్దాల పట్టీ బిగించుకో!"

"బిగించా!"

"ఇంకా బిగించు! ముక్కు ఏమైనా ఫరవాలేదు, కళ్ళు ముఖ్యం!"

సీసా ఒక గాజు జాడీలో ఉంటుంది, జాడీ ఒక తగరపు డబ్బాలో ఉంటుంది. దుప్పటి మీద దుప్పటి కప్పి పడుకోబెట్టిన పసిబిడ్డలా ఉంటుందది. రేకు సీసా మూత పక్కనే ఒక నూనె ముక్క, జాడీలో ఒకటి, డబ్బాలో ఒకటి పెట్టింది. మిగతావాటిని ఫ్రిజ్‌లో అర అరకీ ఒకటి చొప్పున బట్టల క్లిప్పులతో వేలాడదీసింది. తలుపు మూసి బయటికొచ్చింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు టీ."

గంటన్నర గడిచింది. టీ రెండుసార్లు తాగారు. అత్త చుట్టిన గుడ్డ విప్పి, చిన్న పట్టకారు ఒకటి కనబడ్డంలేదని వెతికి, చివరికి తన జుట్టుముడిలో దొరకబుచ్చుకుంది. మళ్ళీ ముసుగులు తగిలించుకుని రేకు లోపలికి వెళ్ళింది. ముందుగా డబ్బా తీసింది. డబ్బాలోది తెలుపు. జాడీలోది తెలుపు. సీసా మూతని ఆనుకుని ఉన్న ముక్క అప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉంది.

తలుపు అద్దానికి ఆ ముక్కను ఆనించి చూపించింది. అవతల అత్త కళ్ళు పెద్దవయ్యాయి. ఊపిరికి అద్దం మీద మసక కట్టింది.

"అయితే మూత బిగించానా!"

"రాయిలా బిగించావు. రేపు తీయడానికి నేనే చావాలి."

"మరి నలుపు ఎక్కడిదే?"

రేకు అరల్లోని ముక్కలు చూసింది. కింది అరల్లోవి తెల్లగానే ఉన్నాయి. మధ్య అరలోది అంచుల్లో తేనె రంగు తిరిగింది. పై అరలోది గోధుమ రంగు దాటి నలుపు పట్టింది. అన్నిటికంటే నల్లగా ఉన్న ముక్క ఫ్రిజ్‌లో అన్నిటికంటే పైన, మంచు గడ్డకట్టే మంచు గది తలుపుకి ఆనుకుని వేలాడుతోంది. ఆ చిన్న తలుపు చుట్టూ ఉండే రబ్బరు కూడా ఒక మూల మాడిన రొట్టె అంచులా అయింది.

మంచు గదిలో ఆస్మియం పెట్టరు. అక్కడ మంచు తప్ప ఏమీ ఉండదు. ఆ మంచును కూడా ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు ముందు సగం గీకి, వెనక సగం వచ్చే నెలకని వదిలేస్తూ వచ్చారు.

మొన్న శనివారం వరకూ.

ఆ రోజు అత్త సెలవు. సోమవారానికల్లా ఫ్రిజ్ తళతళలాడిపోవాలని రేకు సగం రోజు కరెంటు ఆపేసి, లోపల వేడినీళ్ళ గిన్నె పెట్టి, స్టీలు గరిటె కాడతో వెనక మంచునంతా పొడిచింది. టకటకమని పొడుస్తుంటే మంచులో ఒక చోట టిక్‌మని సన్నగా వినబడింది. మంచే కదా పగిలిందనుకుంది. మూలలో గట్టిగా ఏదో అడ్డు తగిలితే, ఆకలేసి, ఆ మూలని అలాగే వదిలేసి భోజనానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ మూలలోకి పొడుగాటి పట్టకారు పోనిచ్చింది. మంచు గడ్డతో సహా ఊడి వచ్చింది, దగ్గు బిళ్ళలు అమ్మే చిన్న డబ్బా ఒకటి. దాని మూత ఒక పక్క నొక్కుకుపోయి, సందు విచ్చుకుని ఉంది. ఆ నొక్కు సరిగ్గా గరిటె కాడ అంతే ఉంది.

రేకు దాన్ని గబగబా గాజు జాడీలో పెట్టి మూత బిగించి, గాలి లాగే అద్దాల గూట్లోకి చేర్చింది. గూటి అద్దం కిందికి దించింది.

అత్త మూత కాదు. నా గరిటె.

ఆ డబ్బాను గుట్టుచప్పుడు కాకుండా నూనె తొట్టెలో ముంచేస్తే చాలు. ఎవడో ఎప్పుడో పెట్టిన పాత డబ్బా, దానంతటదే కారింది అని చెప్పొచ్చు. జాగ్రత్తగారు నమ్ముతారు. కానీ అలా చెబితే ఆ ఎవడో అన్నది ఎవరి మీదికి పోతుంది? ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఫ్రిజ్ తాళం ఎవరి నడుముకు వేలాడుతోంది?

బయటికొచ్చి ముసుగు తీసేసింది.

"అత్తా, అది నేను చేసిందే. శనివారం మంచు గీకాను. గరిటెతో పొడిచాను. లోపల ఏదో పాత డబ్బా ఉంది, దాన్ని పగలగొట్టాను. నువ్వు సర్దుకోనక్కర్లేదు. నేనే సర్దుకుంటాను."

చివాట్లు పడతాయని రేకు తల వంచుకుంది. అత్త వచ్చి దాని రెండు చెవులూ పట్టుకుని, తల పైకెత్తి, నుదుటి మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది.

"నా బంగారుకొండా! నువ్వా చేసింది! ఎంత చల్లని మాట చెప్పావే!"

"తిట్టవా?"

"తిడతాను, తిడతాను. రేపు తీరిగ్గా తిడతాను. గరిటెతో ఫ్రిజ్‌ని పొడిచే మూర్ఖురాల్ని ఊరికే వదులుతానా? ముందు నా చేతుల్ని ఇంకోసారి చూడనీ." చేతులు తిప్పి తిప్పి, ఎదురింటివాళ్ళ కొత్త గాజులు చూసినట్టు చూసుకుంది. "బాగానే ఉన్నాయమ్మా ఇవి. నేనే అనవసరంగా అనుమానించాను. ఇంతకీ ఏం డబ్బా?"

"దగ్గు బిళ్ళల డబ్బా. ఆకుపచ్చ మూత."

అత్త నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

*

ఇద్దరూ కంటి అద్దాలూ గ్లవుజులూ తగిలించుకుని గూటి ముందు నిలబడ్డారు. అద్దం కింద సందులోంచి చేతులు పోనిచ్చి, రేకు పట్టకారుతో డబ్బా మూత తీసింది. లోపల చిటికెన వేలంత గాజు గొట్టం. రెండు కొసలూ మంట మీద కరిగించి మూసినవే. ఒక కొస మాత్రం పిట్ట ముక్కులా వంకీ తిరిగి ఉంది. గొట్టం నడుమ వెంట్రుకంత పగులు. లోపల లేతపసుపు పలుకులు ఇంకా కొన్ని మిగిలాయి. గొట్టం చుట్టూ మడతలు పెట్టిన వడపోత కాగితం, పైన దారం ముడి.

"ఊదుడాయన" అంది అత్త మెల్లగా.

"ఎవరూ?"

"ఇక్కడ గాజుశాల ఉండేది. గాజు ఊది గొట్టాలు, సీసాలు చేసే ఆయన. అప్పట్లో మేం వాడిన ఆస్మియాన్ని పారబోసేవాళ్ళం కాదు. మళ్ళీ శుభ్రం చేసి గొట్టాల్లో పోసి మూయించేవాళ్ళం. కొస వంకీ తిప్పడం ఆయన ఒక్కడికే చేతనయ్యేది. ఇది వెళ్ళిపోయే రోజు మూసిన గొట్టం."

"వెళ్ళిపోయాడా?"

"ఇరవై తొమ్మిదేళ్ళయింది. చెప్పకుండా పోయాడు. మధ్యాహ్నం వచ్చి చూస్తే నా బల్ల మీద ఈ గొట్టం ఉంది, చుట్టూ తెల్ల కాగితం ఉంది. విప్పి చూశాను. ఏమీ రాయలేదు. వెలుతురుకి పట్టాను. ఏమీ లేదు. అంత మాట్లాడే మనిషి, పోయేముందు నాకిచ్చింది ఒట్టి కాగితం!" అత్త పెదవి విరిచింది. "ఎలా ఉందో అలా మడిచి, దారం కట్టి, డబ్బాలో పెట్టి, మంచు గదిలో దాచాను. గొట్టం పగలగొట్టి వాడుకుందామని ఎన్నిసార్లో అనుకున్నా. ఆయన చేతి ఆఖరు వంకీ కదా, పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. పదేళ్ళ కింద నేను సెలవులో ఉండగా ఫ్రిజ్ మార్చారు. తిరిగొచ్చి చూస్తే మంచు గది ఖాళీగా కనబడింది. దాంతో పాటే పోయిందనుకుని ఏడ్చి ఊరుకున్నా. ఎవరో తీసి కొత్తదాన్లో వెనక మూలకి తోసేశారన్న మాట."

"అత్తా."

"ఊఁ."

"కాగితం తెల్లగా లేదు."

అత్త అద్దానికి ముక్కు ఆనించింది. మడత పైభాగాన చీమల బారులా నల్లటి గీతలు. గీతలు కావు, అక్షరాలు. తల వెనక్కి వంగి నడిచే, వంకీ తిరిగిన అక్షరాలు.

"నూనె" అంది అత్త. "నూనెతో రాశాడే! మాకదొక ఆట. గాజు పుల్లని నూనెలో ముంచి కాగితం మీద రాసి బల్ల మీద పెట్టేవాడు. నేను ఈ గూట్లో ఆస్మియం ఆవిరికి పట్టి చదివేదాన్ని. టీకి వస్తావా, ఈ రోజు ఎందుకంత కోపం, ఇలాంటివే. ఒకసారి కోప్పడ్డాను, ఇంత ఖరీదైన మందు నీ వెటకారాలకా అని. ఇంక రాయనన్నాడు. మాట మీద నిలబడ్డాడనుకున్నాను!"

"వెలుతురుకి పడితే నూనె మరక కనబడాలి కదా?"

"ఈథర్ కలిపి పల్చన చేసుంటాడు, మరక కనబడకుండా. తెలివి!" అత్త నుదురు కొట్టుకోబోయి, చేతికి గ్లవుజు ఉందని ఆగింది. "ఓసి నా పిచ్చి మొహమా! చదవడానికి మందు కూడా తనే చేతిలో పెట్టి పోయాడు. గొట్టం పగలగొట్టి ఆవిరికి పట్టమనే కదా దాని చుట్టూ చుట్టింది! నేను పగలగొట్టకుండా ఇరవై తొమ్మిదేళ్ళు భద్రంగా దాచాను."

"మంచిపని చేశానన్న మాట, గరిటెతో."

"నోర్ముయ్."

తలుపు మీద మూడుసార్లు, సమంగా, చప్పుడైంది.

*

జాగ్రత్తగారు నాలుగింటికి వస్తానంటే నాలుగుకి పది నిమిషాలుండగా వస్తారు. భద్రతా అధికారి. ఒక చేతిలో లక్క కడ్డీ, ఇంకో చేతిలో దారపు ఉండ. విభాగంలో కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజున ఆయన కుడి బొటనవేలు ఎత్తి చూపిస్తారు. వేలి లోపలి వైపున, గోరు కింద నుంచి కణుపు దాకా అడ్డంగా, ఏటవాలుగా, లోతైన గాటు. "గాజుశాలలో నేను స్టోరు చూసే రోజుల్లో ఒక్క క్షణం అజాగ్రత్త. అంతే. ఈ వేలిని మరిచిపోకండి" అంటారు. ఎవరూ మరిచిపోరు. రేకు అయితే ఆ వేలిని కళ్ళు మూసుకుని బొమ్మ గీయగలదు.

రేకు సాసరు, సీసా, గరిటె, శనివారం, ఏదీ దాచకుండా చెప్పింది. తెల్ల ముక్కలూ నల్ల ముక్కలూ వరసగా పేర్చి చూపించింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో ముక్క మీదికీ వంగి చూశారు.

"అక్కగారి మూత బాగానే ఉందన్న మాట."

"రాయిలా ఉందండి."

ఆయన ముఖంలో ఏదో సడలింది. లక్క కడ్డీ జేబులో పెట్టుకున్నారు. "కారణం దొరికాక సీలుతో పనిలేదు. గది తెరిచే ఉంటుంది. అక్కగారు ఎనిమిది నెలలూ ఇక్కడే. నువ్వు మాత్రం గరిటె జోలికి పోకు. మూడు నెలలు ప్రతి శనివారం నా భద్రతా ప్రసంగం వినాలి."

"మూడు నెలలా!" రేకుకి నిజంగానే ఏడుపొచ్చింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంక ఆ డబ్బా" అన్నారాయన, నూనె తొట్టె దగ్గరికి లాగుతూ. "లోపల ఉన్నదంతా ఇందులో ముంచెయ్యండి. గొట్టం, కాగితం, దారం, అన్నీ."

అత్త గూటికి అడ్డంగా నిలబడింది. "కాగితం వెయ్యను."

"అక్కగారూ, నియమం మీరు పెట్టిందే. ఆవిరి తగిలిన ప్రతి వస్తువూ నూనెలో మునగాలి."

"నూనెలో మునిగితే కాగితమంతా నల్లబడుతుందయ్యా. అక్షరాలు కలిసిపోతాయి. చదివాక ముంచుతాను. అంతదాకా నన్ను కూడా ముంచినా సరే, కదలను."

"ఏం కాగితం అది?"

"ఊదుడాయన ఉత్తరం."

జాగ్రత్తగారు "తెల్ల కాగితమే కదా అది" అని ఏదో గొణిగి, గొంతు సవరించుకుని, గోడవైపు తిరిగి తన ముసుగు తగిలించుకున్నారు. రేకు దృష్టంతా దారం ముడి మీద ఉంది. ఆ మాట చెవిన పడింది కానీ మనసుకెక్కలేదు.

ముడి విప్పి, రెండు పట్టకార్లతో మడత తెరిచింది. అత్తకు దగ్గరి చూపు ఆనడం లేదు. రేకే చదివింది. ఫ్యాను చప్పుడు మీద గట్టిగా చదవాల్సొచ్చింది.

"మందు వృథా చేశావని అరుస్తావు. అరుచుకో. దూరపు గాజుశాల వాళ్ళు రేపే వచ్చి చేరమన్నారు. నాకు వెళ్ళాలని లేదు. ఉండమనే మనిషి ఉంటే ఉండిపోతాను. ఈ రోజు నాలుగింటి దాకా మంట ఆర్పకుండా కూర్చుంటాను. నువ్వొచ్చి ఏమీ చెప్పనక్కర్లేదు. మంట ఆర్పెయ్యి చాలు. నాకు అర్థమవుతుంది. ఒకవేళ నువ్వు రాకపోతే"

"ఊఁ, రాకపోతే?"

"అంతే ఉంది. మిగతాది లోపలి మడతలో ఉంది. అక్కడికి ఆవిరి చేరలేదు, తెల్లగానే ఉంది."

అత్త గూటి చట్రం పట్టుకుంది. "పోతున్నాడని అప్పటికే పక్కవాళ్ళు చెప్పారు. నాలుగింటికి గాజుశాల ముందు నుంచే ఇంటికెళ్ళాను. మంట వెలుగుతూనే ఉంది. చెప్పకుండా పోయేవాడు పోయే రోజు కూడా పని మానడేం, ఎంత గొప్ప అనుకుని తల తిప్పుకుని నడిచాను. కిటికీలోంచి చూస్తూనే ఉండి ఉంటాడు." రేకు భయపడి ఆమె భుజం పట్టుకుంది. అత్త భుజాలు కదులుతున్నాయి. తీరా చూస్తే నవ్వుతోంది. కంటి అద్దాల లోపల నీళ్ళూ నవ్వూ కలిసి మసకబారిపోయాయి. "పెద్ద తెలివైనవాళ్ళం ఇద్దరం! నోటితో అడిగితే ఏం పోయేదే వాడికి? కాగితం ఆవిరికి పడితే ఏం పోయేదే నాకు? ఒట్టి కాగితం కాదే రేకూ! ఒట్టి కాగితం కాదు!"

తర్వాత కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక తల విదిలించి, జాగ్రత్తగారి వైపు తిరిగింది. "మిగతా మడత కూడా ఆవిరికి పట్టనీ. గొట్టంలో ఇంకా ఉంది. ఒక్క గాజు పాత్ర బోర్లిస్తే చాలు."

ఆయన కచ్చితంగా వద్దంటారని రేకు అనుకుంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క కిటికీ రెక్క కూడా అవసరానికి మించి తెరవనివ్వని మనిషి. ఆయన గడియారం చూశారు. నాలుగైంది.

"ఐదు నిమిషాలు" అన్నారు. "ఒక్క సెకను కూడా ఎక్కువ కాదు."

లోపలి మడత విప్పి పరిచి, పక్కన గొట్టం పెట్టి, రెంటి మీదా గాజు పాత్ర బోర్లించారు. ముగ్గురూ అద్దం ముందు వంగారు. కాగితం పాలలా తెల్లగా ఉంది. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో మధ్యన బూడిద రంగు నీడ ఒకటి పడింది.

"వస్తోంది, వస్తోంది!" అత్త రేకు చెయ్యి నలిపేస్తోంది. "అది ఏ అక్షరం?"

"అక్షరం కాదత్తా. గుండ్రంగా ఉంది."

నీడ ముదిరింది. దానిలో సన్నటి వంపు గీతలు తేలాయి, నీటిలో రాయి వేస్తే లేచే వలయాల్లా. చేతివేలి జిడ్డుకి అంటుకున్న ఆస్మియం. వలయాల అంచున అక్షరాల తోకలు మాత్రం బయటికి కనబడ్డాయి. ఎవరో ఉత్తరం ఆఖరు మాట మీద బొటనవేలు గట్టిగా ఒత్తిపెట్టి ఉంచారు.

"నాది కాదు" అంది అత్త వెంటనే. "ఈ గదిలో గ్లవుజు లేకుండా నేను ఏ కాగితమూ ముట్టను. ఊదుడాయనదే అయ్యుంటుంది."

మూడో నిమిషానికి వలయాలన్నీ నల్లగా తేలాయి. వాటి నడుమ, పై నుంచి కింది దాకా, అడ్డంగా, ఏటవాలుగా, ఒక తెల్లటి గాటు మాత్రం నల్లబడకుండా మిగిలిపోయింది.

రేకు ఆ వేలిని గుర్తుపట్టడానికి కళ్ళు తెరవక్కర్లేదు.

పక్కన గుడ్డ రాసుకున్న చప్పుడైంది. జాగ్రత్తగారు కుడి చేతిని మెల్లగా, చాలా మెల్లగా, కోటు జేబులోకి దించుకుంటున్నారు. అత్త ఇంక కాగితం వైపు చూడడం లేదు.

"ఏమయ్యా" అంది. "ఆ చెయ్యి బయటికి తియ్యి."